పదకొండు నెలలుగా ‘అండర్ రివ్యూ’... ఇంకెన్నాళ్లు?

ఈ వారం వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలుంది. రాసినావిడ పేరు, ఊరు, యూనివర్సిటీ చెప్పవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 33 ఏళ్లు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ. 2020 ఫిబ్రవరిలో రిజిస్టర్ అయ్యారు. ఐదేళ్ల ఫెలోషిప్ ఈ ఫిబ్రవరితో అయిపోయింది. ఆరేళ్ల గడువు వచ్చే ఫిబ్రవరితో ముగుస్తుంది. భర్తకు హైదరాబాద్‌లో ఉద్యోగం, నాలుగేళ్ల బాబు అమ్మమ్మగారింట్లో. ఈవిడ వారానికోసారి బస్సెక్కి అటూ ఇటూ తిరుగుతుంటారు.

కోస్తా జిల్లాల్లోని ఐదు ఊళ్లలో కౌలు రైతులు అప్పు ఎక్కడ తెస్తున్నారు, బ్యాంకు ఎందుకు ఇవ్వడం లేదు అన్నది ఆమె పరిశోధన. థీసిస్ దాదాపు పూర్తయింది. సబ్మిట్ చేయాలంటే ఒక్క పేపర్ ప్రచురణ కావాలి. పోయిన ఆగస్టులో ఒక మంచి జర్నల్‌కు పంపారు. రచయితలుగా ఆమె, గైడ్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. సంప్రదించడానికి గైడ్ సార్ ఈమెయిలే ఇచ్చారు. జర్నల్ పోర్టల్‌లో రెండు నెలలు ‘విత్ ఎడిటర్’ (ఎడిటర్ దగ్గర ఉంది), తర్వాత ‘అండర్ రివ్యూ’ (అదే రంగంలోని నిపుణుల పరిశీలనలో ఉంది), మార్చిలో మళ్లీ ‘విత్ ఎడిటర్’, ఏప్రిల్‌లో మళ్లీ ‘అండర్ రివ్యూ’. పదకొండు నెలలైంది. సార్‌ను అడిగితే ‘వెయిట్ చేద్దామమ్మా’ అంటారు. ఆయన వచ్చే మార్చిలో రిటైర్ అవుతున్నారు.

‘రాత్రి రెండింటికి లేచి పోర్టల్ చూస్తాను. నా పేపర్ అంత చెత్తగా ఉందా, చెప్పడానికి మొహమాటపడుతున్నారా అనిపిస్తుంది. మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘ఏమ్మా, పేపర్లో పడిందా?’ అంటారు. ఆవిడకు పేపరంటే పొద్దున్నే గుమ్మంలో పడేదే. నవ్వాలో ఏడవాలో తెలీదు. మా సీనియర్ ఒకాయన పద్దెనిమిది వేలు కడితే వారంలో వేయించే జర్నల్ చూపిస్తానంటున్నాడు. యూజీసీ పేపర్ నిబంధనే తీసేసిందని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?’

చివర్లో మూడు లైన్లు: ‘ఒక తప్పు చేశాను. రెండు వారాల క్రితం ఇదే పేపర్‌ను సార్‌కు చెప్పకుండా ఇంకో జర్నల్‌కు కూడా పంపాను. ఏది ముందొస్తే అది ఉంచుకుని రెండోది తీసేద్దామనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.’

జర్నల్ ఆలస్యం గురించి మీరు మూడున్నర పేజీలు రాశారు, రెండో జర్నల్ గురించి మూడు లైన్లు. నేను వెనక నుంచి మొదలుపెడతాను. ఆలస్యం ఇంకో నెల ఆగినా ఫర్వాలేదు గానీ, ఆ మూడు లైన్ల సంగతి ఆగేది కాదు.

ఒక పేపర్ ఒక సమయంలో ఒకే జర్నల్ దగ్గర ఉండాలి. పేపర్ అప్‌లోడ్ చేసేటప్పుడు ‘ఇది వేరెక్కడా పరిశీలనలో లేదు’ అని ఒక గడిలో టిక్ పెట్టమంటారు, గుర్తుందా? రెండోసారి కూడా పెట్టే ఉంటారు. ఆ టిక్ అబద్ధం. ఎందుకింత పట్టింపు అంటే, రివ్యూ చేసేవాళ్లకు సాధారణంగా ఎవరూ డబ్బులివ్వరు. సొంత పని పక్కనపెట్టి చదివి, నాలుగు పేజీల అభిప్రాయం రాశాక ‘వేరే చోట అచ్చయింది, మాకక్కర్లేదు’ అని తెలిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మీ విషయంలో ఇంకో చిక్కుంది. ఆంధ్రలో కౌలు రైతుల రుణాల మీద పనిచేసేవాళ్లు దేశం మొత్తం మీద ఎంతమంది ఉంటారు? ఇద్దరు ఎడిటర్లూ వెతికి వెతికి ఒకే మనిషికి పంపే అవకాశం చాలా ఎక్కువ. ఆ మనిషి రెండు మెయిళ్లూ పక్కపక్కన చూసిన రోజున రెండు జర్నళ్లూ తిప్పి పంపుతాయి. కొందరు ఎడిటర్లు యూనివర్సిటీకి కూడా రాస్తారు.

ఇంకొకటి మీరు గమనించారో లేదో. సార్ సహరచయిత. చాలా జర్నళ్లు పేపర్ అందగానే రచయితలందరికీ ఆటోమేటిగ్గా మెయిల్ పంపిస్తాయి. అంటే సార్‌కు ఈ సంగతి ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. మీరే చెబుతారని చూస్తున్నారేమో. లేదా ఆయన ఆ మెయిల్ తెరవనే లేదేమో. రెండోదే అయ్యుంటే దాని సంగతి మళ్లీ మాట్లాడదాం.

ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, రెండో జర్నల్ నుంచి పేపర్ ఈ రోజే వెనక్కి తీసుకోవడం. రెండు వారాలే కాబట్టి అది చాలామటుకు ఎడిటర్ బల్ల దాటి ఉండదు. ‘సహరచయితతో చర్చించకుండా పొరపాటున పంపాను, ఉపసంహరించుకుంటున్నాను, క్షమించండి’ అంటే సరిపోతుంది. వాళ్లు ‘సరే, తీసేశాం’ అని రాసిన మెయిల్ దాచుకోండి. రెండోది, మొదటి జర్నల్ నుంచి వెనక్కి తీసుకుని రెండోదాన్నే ఉంచుకోవడం. దీనికి సార్ ఒప్పుకోవాలి, మొదటి జర్నల్ లిఖితపూర్వకంగా వదిలేయాలి. ఇంత చేసినా, ఆ రెండు వారాలు పేపర్ రెండు చోట్లా ఉందన్న మచ్చ పోదు. పైగా పదకొండు నెలల క్యూ వదిలేసి కొత్త క్యూలో చివర నిలబడతారు. నేనైతే మొదటి దారే పడతాను. ఏ దారైనా సార్‌కు చెప్పడం మాత్రం తప్పదు. ఆయన కోప్పడతారు, నిజమే. కానీ వచ్చే మార్చి లోపు మీ పని మీద డజను సంతకాలు పెట్టాల్సింది ఆయనే. ఈ మాట ఆయన ఇంకెవరి నోటో వినడం కంటే మీ నోట వినడం నయం.

ఇప్పుడు ఆలస్యం గురించి. ‘నా పేపర్ అంత చెత్తగా ఉందా’ అన్నారు. చెత్త అనుకుంటే పది రోజుల్లో తేల్చేసేవారమ్మా. ఎడిటర్ చదివి ‘మాకు సరిపడదు’ అని రివ్యూకు పంపకుండానే తిప్పి పంపడం ఈ రంగంలో రోజూ జరిగేదే. మీది ఆ గడప దాటింది. దాటాక ఏమవుతుందంటే, ఎడిటర్ ఇద్దరు రివ్యూయర్ల కోసం వెతుకుతారు. అడిగినవాళ్లలో సగం మంది కాదంటారు, కొందరు అసలు జవాబే ఇవ్వరు. ఒప్పుకున్నవాళ్లకు నాలుగు వారాలో ఆరు వారాలో గడువిస్తారు. అది గడిచిపోతుంది. గుర్తుచేస్తారు. ‘ఈ నెలాఖరుకిస్తాను’ అంటారు. నెలలు మారతాయి, ఆఖరు మాత్రం రాదు. మీ పోర్టల్‌లో మార్చిలో ‘విత్ ఎడిటర్’కు వెళ్లి ఏప్రిల్‌లో మళ్లీ ‘అండర్ రివ్యూ’కు రావడం చూస్తే, ఒక రివ్యూయర్ చేతులెత్తేసి కొత్తవారిని వెతికారనో, రెండు అభిప్రాయాలూ కలవక మూడోవారికి పంపారనో అనిపిస్తోంది. రెండూ మామూలు సంగతులే. రెంటిలోనూ మీ పేపర్ మీద తీర్పేమీ లేదు.

ఆ ఆలస్యం చేసేవాళ్లలో నేనూ ఉన్నాను, ఒప్పుకోవాలి. ఒక ఏడాది ఏప్రిల్‌లో ఒక పేపర్ రివ్యూకు ఒప్పుకున్నాను. వాల్యుయేషన్ డ్యూటీ వచ్చిపడింది, తర్వాత ఇంట్లో పెళ్లి, ఆ తర్వాత అడ్మిషన్లు. సెప్టెంబర్‌లో ఎడిటర్ మూడో మెయిల్ చూసి సిగ్గుపడి, రెండు రాత్రులు కూర్చుని పూర్తిచేశాను. పేపర్ బాగుంది. అంగీకరించమనే రాశాను. అవతల అది రాసినవాళ్లు ఆ ఐదు నెలలూ మీలాగే రాత్రి రెండింటికి లేచి ఉంటారని అప్పుడు నాకు తట్టలేదు.

మీ సబ్జెక్టు కూడా నిదానమైనదే. ఎకనామిక్స్ జర్నళ్లు ఎందుకింత నెమ్మదించాయని గ్లెన్ ఎలిసన్ అనే ఆర్థికవేత్త 2002లో ఒక అధ్యయనమే ప్రచురించారు. అప్పటికి ముప్పై ఏళ్ల కిందట పేరున్న జర్నళ్లలో పేపర్ పంపిన ఆరు నుంచి తొమ్మిది నెలల్లో అంగీకారం వచ్చేది. ఆయన రాసే నాటికి రివ్యూలు, సవరణలు అన్నీ కలిసి సుమారు రెండేళ్లు పడుతోందని తేల్చారు. రివ్యూయర్లు చదవడానికి పట్టే సమయం కంటే, ‘ఇది మార్చు, అది కలుపు’ అంటూ పేపర్‌ను తిరగరాయించడం పెరగడమే అందులో పెద్ద భాగమట. కాబట్టి మీకు రేపు జవాబొచ్చినా అది ‘అచ్చు వేస్తున్నాం’ అని ఉండకపోవచ్చు. ‘మేజర్ రివిజన్’, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని అనొచ్చు. అలా వస్తే అది శుభవార్తే. కంగారుపడి ఏడవకండి, ముందే చెబుతున్నాను.

అలాగని నోరు మూసుకుని కూర్చోమనడం లేదు. పదకొండు నెలలంటే, కౌలు రైతుల రుణాల మీద పనిచేసే మీకు చెప్పాలా, ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు హక్కు కార్డు గడువు కూడా పదకొండు నెలలే. రైతు కార్డు ముగిసి మళ్లీ దరఖాస్తు పెట్టుకునేంత కాలం మీరు ఒక్క మెయిల్ కూడా పెట్టకుండా ఆగారు. ఎకనామిక్స్‌లో ఐదారు నెలలు దాటాక అడగడం ఏమీ తప్పు కాదు. అడిగితే ఎడిటర్‌కు కోపమొచ్చి తిప్పి పంపుతారన్న భయం చాలామంది స్కాలర్లలో చూశాను. మర్యాదగా అడిగినందుకు పేపర్ తిప్పి పంపిన ఎడిటర్ నాకైతే తగల్లేదు. చాలాసార్లు ఆ మెయిల్ చూశాకే ఆయన రివ్యూయర్‌ను కదుపుతారు.

నాలుగు వాక్యాలు చాలు. పేపర్ నంబర్, శీర్షిక, పంపిన తేదీ. ప్రస్తుతం ఏ దశలో ఉందో, నిర్ణయం సుమారుగా ఎప్పటికి రావచ్చో తెలపగలరా అన్న ప్రశ్న. థీసిస్ గడువు ఫిబ్రవరిలో ఉందన్న ఒక్క మాట. ధన్యవాదాలు. ఇంట్లో కష్టాలు, ఫెలోషిప్ ఆగిపోవడం, ‘ఇంత ఆలస్యమా’ అన్న నిష్ఠూరం ఏవీ వద్దు. సంప్రదించాల్సిన రచయితగా సార్ పేరుంది కాబట్టి మెయిల్ ఆయన నుంచే వెళ్లాలి. మీరు డ్రాఫ్ట్ రాసి ఆయన ముందు పెట్టండి. మూడు వారాల్లో జవాబు రాకపోతే ఇంకోసారి, ఈసారి ఎడిటర్‌తోపాటు జర్నల్ ఆఫీసుకు కూడా. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే వెనక్కి తీసుకోవడం గురించి ఆలోచించవచ్చు.

ఆ హక్కు మీకెప్పుడూ ఉంటుంది. కాకపోతే కోపంలో తీసుకునే నిర్ణయం కాదది. 1936లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ తరంగాల మీద ఒక పేపర్ ‘ఫిజికల్ రివ్యూ’కు పంపారు. ఎడిటర్ దాన్ని రివ్యూయర్‌కు చూపించి, వచ్చిన విమర్శను జతచేసి తిప్పి పంపితే, ‘మీరు వేరేవాళ్లకు చూపిస్తారని నేననుకోలేదు’ అని అలిగి వెనక్కి తీసుకున్నారు. వేరే పత్రికకు ఇచ్చారు. తీరా చూస్తే ఆ అజ్ఞాత రివ్యూయర్ చెప్పిందే నిజమైంది, అచ్చయ్యేలోపు ముగింపే మార్చుకోవాల్సి వచ్చింది. మీ పేపర్ మీదా పదకొండు నెలల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసే ఉంటారు. ఇప్పుడే తీసేసుకుంటే ఆ రాసింది మీ చేతికి రాదు. వెనక్కి తీసుకునేటప్పుడు ‘ఇప్పటికే వచ్చిన అభిప్రాయాలుంటే పంపగలరా’ అని అడగొచ్చు. కొందరు ఇస్తారు.

యూజీసీ పేపర్ నిబంధన తీసేసిందన్న మాట సగం నిజం. 2022 నవంబర్‌లో వచ్చిన కొత్త నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు లేదు. కానీ ఆ నోటిఫికేషన్‌కు ముందే రిజిస్టర్ అయినవాళ్లకు పాత నిబంధనలే వర్తిస్తాయని అందులోనే ఉంది. మీరు 2020లో చేరారు, అంటే మీకు 2016 నిబంధనలు. వాటి ప్రకారం రిఫరీడ్ (నిపుణుల రివ్యూ ఉండే) జర్నల్‌లో కనీసం ఒక పేపర్, సెమినార్లలో రెండు ప్రజెంటేషన్లు ఉండాలి. ఆ రెండు సర్టిఫికెట్లు ఉన్నాయా? ఉత్తరంలో ఆ మాటే లేదు. పేపర్ కోసం ఇంత ఆరాటపడి చివర్లో సెమినార్ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయినవాళ్లను చూశాను.

అదే 2016 నిబంధనల్లో మీకు పనికొచ్చేవి ఇంకో రెండున్నాయి. గరిష్ఠ గడువు ఆరేళ్లయినా, మహిళలకు దాని మీద రెండేళ్ల సడలింపు ఇవ్వవచ్చు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం కాలంలో ఒకసారి 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. బాబు పుట్టింది రిజిస్టర్ అయ్యాకే కదా! ఆ సెలవు అప్పుడు కాగితం మీద పెట్టారా, లేక ఇంట్లో పురుడు పోసుకుని మళ్లీ లైబ్రరీకి వచ్చేశారా? ఈ రెండూ వాటంతట అవి రావు. దరఖాస్తు పెట్టాలి, సార్ సిఫార్సు చేయాలి, మీ యూనివర్సిటీ అంగీకరించాలి. రీసెర్చ్ సెక్షన్‌లో నేరుగా అడగండి. ‘వచ్చే ఫిబ్రవరితో అంతా అయిపోయింది’ అని మీరు రాసింది బహుశా నిజం కాదు. గుండె దడకు సగం కారణం ఆ తేదీయే అయితే ముందు ఆ తేదీని సరిచూసుకోండి. అక్కడే ఇంకో ప్రశ్న అడగండి: పేపర్ అచ్చయి ఉండాలా, అంగీకార పత్రం చాలా? కొన్నిచోట్ల అంగీకార పత్రంతో థీసిస్ తీసుకుంటారు, కొన్నిచోట్ల రీప్రింట్ చేతిలో పెట్టాల్సిందే. సార్ రిటైర్ అయ్యాక గైడ్‌గా ఎవరుంటారు, ఇప్పుడే కో-గైడ్‌ను పెట్టుకోవచ్చా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఇవన్నీ నోటిమాటగా కాక సర్క్యులర్ కాపీగా తీసుకోండి. ఆఫీసులో నోటిమాట మనిషి మారితే మారుతుంది.

సీనియర్ చూపిస్తానన్న పద్దెనిమిది వేల దారి గురించి. డబ్బు తీసుకునే ప్రతి జర్నలూ మోసం కాదు. అందరూ ఉచితంగా చదువుకునేలా పెట్టే మంచి జర్నళ్లు కూడా అంగీకరించాక రుసుము తీసుకుంటాయి. తేడా ఎక్కడంటే, రివ్యూ కాకముందే ‘వారంలో వేస్తాం’ అని ఎవరైనా మాటిస్తే అక్కడ రివ్యూ లేదని అర్థం. 2013లో జాన్ బోహన్నన్ అనే జర్నలిస్టు, కావాలనే తప్పులతో నింపిన ఒక బోగస్ పేపర్‌ను 304 ఓపెన్ యాక్సెస్ (ఉచితంగా చదవనిచ్చే) జర్నళ్లకు పంపి చూశాడు. 157 జర్నళ్లు అంగీకరించాయి. ‘సైన్స్’ పత్రికలో ఆ కథ వచ్చింది. మనకు ఇంకా దగ్గరిది కావాలంటే, రివ్యూ చేయిస్తామని చెప్పి చేయించలేదన్న కేసులో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థను 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఆదేశించింది.

మీ సీనియర్ ‘అది కేర్ లిస్టులో ఉంది’ అనే ఉంటాడు. నమ్మదగ్గ జర్నళ్లివని తానే పెట్టిన ఆ లిస్టును యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. జర్నల్ మంచిదా కాదా అన్నది ఇప్పుడు యూనివర్సిటీలే కమిటీలు వేసుకుని తేల్చుకోవాలి. మీ కమిటీ ఒప్పుకుంటే గడువులోపు థీసిస్ వెళ్లిపోతుంది, ఆ లాభం కాదనను. నష్టం కూడా వినండి. ఒకసారి అక్కడ అచ్చయితే ఆ పేపర్ ఇక ఏ మంచి జర్నల్‌కూ పనికిరాదు. ఐదు ఊళ్లలో గడప గడపకూ తిరిగి రాసుకున్న లెక్కలు ఎవరూ చదవని చోట పడిపోతాయి. రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో ఆ జర్నల్ పేరు చదివి ఒకాయన కళ్లజోడు పైనుంచి చూస్తే మీ మొహం ఎలా పెట్టుకోవాలో ఆలోచించండి.

దానికంటే మంచి దారి ఒకటుంది. థీసిస్‌లో ఐదారు అధ్యాయాలుంటాయి కదా. అందులో ఇంకొక చిన్న ముక్క, ఒక ఊరి కథో, కౌలు కార్డు బ్యాంకు కౌంటర్ దగ్గర ఏమవుతుందన్నదో తీసుకుని వేరే పేపర్‌గా రాయండి. అది వేరే పేపర్ కాబట్టి వేరే జర్నల్‌కు పంపడంలో తప్పు లేదు. పంపేముందు ఆ జర్నల్ తాజా సంచికలోని ఓ పది వ్యాసాలు తెరిచి, ‘అందిన తేదీ’, ‘అంగీకరించిన తేదీ’ చూడండి. చాలా జర్నళ్లు మొదటి పేజీలోనే వేస్తాయి. రెంటి మధ్య ఎన్ని నెలలుందో మీరే లెక్కకట్టొచ్చు. మొదటిసారి ఈ పని చేసి ఉంటే మీకీ ఉత్తరం రాసే అవసరం రాకపోయేది. నాకూ నా మొదటి పేపర్‌కు పద్నాలుగు నెలలు పట్టాకే ఈ తెలివి వచ్చింది. దీనిలో నష్టం ఏమిటంటే మూడు నెలల పని, అదీ బాబును చూసే ఆదివారాల్లోంచి తీయాల్సిన పని. మీవారిని కూర్చోబెట్టి, ఈ మూడు నెలలు ఆయనే వారానికోసారి బస్సెక్కగలరేమో అడగండి.

అత్తగారికి మాత్రం ‘పరీక్ష రాశాను, దిద్దేవాళ్లు ఇంకా దిద్దలేదు’ అని చెప్పి చూడండి. దిద్దేవాళ్ల ఆలస్యం గురించి మన ఇళ్లలో ఎవరికీ వివరించక్కర్లేదు. పోర్టల్ చూడటం సోమవారానికి ఒక్కసారి పెట్టుకోండి. నిర్ణయం వచ్చినప్పుడు మెయిల్ ఎలాగూ వస్తుంది.

వస్తుంది గానీ, సార్ మెయిల్‌కు వస్తుంది. ముందు ఆపిన సంగతి ఇదే. జర్నల్ దగ్గరున్నది ఆయన యూనివర్సిటీ మెయిల్ అయితే, ఆయన దాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచారు? ఎడిటర్ ఏదో వివరం అడిగి జవాబు కోసం చూస్తున్న మెయిల్ అందులో పడి ఉండటం అసాధ్యమేమీ కాదు. రేపు మీరు ఆ రెండో జర్నల్ సంగతి చెప్పడానికి ఆయన గదికి వెళ్తారు కదా. కోపం చల్లారాక, ఆ ఇన్‌బాక్స్ మీ ఎదురుగానే ఒకసారి తెరవమనండి. స్పామ్ ఫోల్డర్ కూడా.